చెరువు కట్టల వెంట కాకతీయ దారి: ఓరుగల్లు నుంచి రామప్ప దాకా సైకిల్ యాత్ర

వరంగల్‌కు వచ్చే సందర్శకుల్లో చాలామంది వేయి స్తంభాల గుడిని, ఓరుగల్లు కోటను, రామప్ప దేవాలయాన్ని ఒకే రోజున కారులో చుట్టి వెళ్తుంటారు గనుక, ఆ మూడూ వారి జ్ఞాపకంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు చోట్లుగానే మిగిలిపోతాయి. కాకతీయులు, వారి సామంతులు గుడిని ఒంటరిగా కట్టలేదు. గుడికి తోడుగా చెరువు తవ్వించారు, చెరువు కింద పొలాలు సాగులోకి తెచ్చి ఊరు నిలిపారు, వీటన్నిటికీ కేంద్రమైన రాజధానిని వలయాలు వలయాలుగా గోడలతో చుట్టారు. ఈ అల్లికను గ్రహించాలంటే ఒక కట్టడానికీ మరొక కట్టడానికీ నడుమ ఉన్న నేలను కూడా చూడవలసి ఉంటుంది. గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో సాగే సైకిల్ అందుకు అన్నిటికన్నా అనువైన వాహనం.

బృందంగా దూరప్రయాణం చేసే సైకిలిస్టుల సంప్రదాయం పాతదే. ఫ్రాన్సులో పుట్టి భారతదేశానికి కూడా వ్యాపించిన బ్రెవె పద్ధతిలో 200 కిలోమీటర్ల దూరాన్ని పదమూడున్నర గంటల్లోగా, 300 కిలోమీటర్లను ఇరవై గంటల్లోగా ముగించాలి. అది పందెం కాదు. ఎవరు ముందు వచ్చారన్న లెక్క అందులో ఉండదు, దారిలో నిర్ణయించిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకుంటూ గడువులోగా చేరుకుంటే చాలు. స్పెయిన్‌లోని సాంతియాగో క్షేత్రానికి వెళ్లే యాత్రికులకు కూడా ఇలాంటి ముద్రల పుస్తకమే ఉంటుంది. కాలినడకన కనీసం 100 కిలోమీటర్లు, సైకిల్ మీద 200 కిలోమీటర్లు వచ్చినవారికే అక్కడ యాత్రాపత్రం ఇస్తారు. చారిత్రక స్థలాల సైకిల్ యాత్రకు ఈ రెండింటిలో రెండోదే సరైన ఆదర్శమని చెప్పాలి, ఎందుకంటే గడియారం వెంట పరుగెత్తే బృందానికి గుడి కేవలం నీళ్ల సీసా నింపుకునే మజిలీగా మారిపోయే ప్రమాదం ఉంది.

వరంగల్ విషయంలో మొదట తేల్చుకోవలసింది కోటను, రామప్పను ఒకే రోజున చూడాలా అన్నది. చూడకపోవడమే మంచిది. హనుమకొండ నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు దూరం 70 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది, రానుపోను 140 కిలోమీటర్లు తొక్కవలసిన రోజున కోటకు మిగిలేది అరగంట మాత్రమే. నగరంలోని కట్టడాలకు ఒక ఉదయం పూర్తిగా కేటాయించి, మరుసటి రోజు ములుగు దారి పట్టడం కాళ్లకూ కళ్లకూ న్యాయం చేసే పద్ధతి.

నగర యాత్ర వేయి స్తంభాల గుడి దగ్గర మొదలుకావడం కాలక్రమానికి కూడా సరిపోతుంది. కాకతీయుల రాజధాని ఇంకా అనుమకొండగా ఉన్న రోజుల్లో, 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ గుడి త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుడులు ఉన్న నిర్మాణం; శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి వాటిని అంకితం చేశారు. దీని కల్యాణ మండపాన్ని 2006లో రాళ్లు విప్పి, మళ్లీ పేర్చి, 2024లో సందర్శకులకు తెరిచారు. తెల్లవారుజామున బయలుదేరే బృందానికి ఇక్కడ దొరికే ప్రశాంతత మిట్టమధ్యాహ్నం వచ్చేవారికి దొరకదు.

అక్కడి నుంచి కోట వైపు సాగే దారిలోనే సైకిల్ విలువ తెలిసివస్తుంది. గణపతిదేవుడి కాలంలో (1199-1262) రూపుదిద్దుకుని, ఆయన కుమార్తె రుద్రమదేవి కాలంలో మరింత బలపడిన ఓరుగల్లు కోటకు ప్రధానంగా మూడు ప్రాకారాలు ఉన్నాయి. అన్నిటికన్నా వెలుపలిది 12 కిలోమీటర్లకు పైగా వ్యాసంతో హనుమకొండను కూడా కలుపుకున్న మట్టికట్ట. దాని లోపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసం గల మరో మట్టికోట. అన్నిటికీ లోపల సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో, సున్నం వాడకుండా పేర్చిన గ్రానైట్ రాళ్ల కోట. కారులో వెళ్లేవారు మట్టికోటను ఏదో మామూలు దిబ్బ అనుకుని దాటిపోతారు. సైకిల్ మీద వచ్చేవారికి ఆ ఎత్తు, దాని పక్కనున్న కందకం పల్లం తొక్కే పాదాలకే తెలుస్తాయి. రాతికోట ద్వారంలోకి దారి తిన్నగా పోదు. ఎత్తైన గోడల నడుమ ఒకసారి మలుపు తిరిగి, మళ్లీ మరో మలుపు తిరిగి లోపలికి చేరుతుంది. శత్రువుల గుర్రాలు, ఏనుగులు వేగంగా దూసుకురాకుండా చేసిన ఏర్పాటు ఇది. ఆ మలుపు దగ్గర ఇప్పటికీ సైకిలిస్టు బ్రేకు నొక్కక తప్పదు. ఎనిమిది వందల ఏళ్ల నాటి రక్షణ వ్యూహం ఎలా పనిచేసేదో ఇంతకన్నా సూటిగా చెప్పగల సూచిక పలక ఉండదు.

కోట నడుమ నాలుగు దిక్కులా నిలిచిన కీర్తి తోరణాలు ఒకప్పుడు స్వయంభూ శివాలయ ప్రాంగణానికి ద్వారాలు. 1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును గెలిచి, ప్రతాపరుద్రుడి పాలనను అంతం చేసిన తర్వాత ఆ గుడి శిథిలమైంది, తోరణాలు మాత్రం నిలిచాయి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి చేరింది ఈ తోరణమే. చేరువలోని ఖుష్ మహల్, కాకతీయుల తర్వాతి కాలపు ఏటవాలు గోడల సభాభవనం, చాలామంది చూడకుండా వదిలేసేది. బృందం అక్కడ కూడా సైకిళ్లు దిగాలి.

రెండో రోజు దారి హైదరాబాద్ నుంచి భూపాలపట్నం వైపు పోయే 163వ నంబరు జాతీయ రహదారి. ఆత్మకూరు, కటాక్షపూర్ దాటి ములుగు చేరుకుని, జంగాలపల్లి దగ్గర రహదారిని వదిలి పాలంపేట వైపు మళ్లాలి. గోదావరి ఇసుక లారీలు తిరిగే రోడ్డు కాబట్టి, బృందం క్రమశిక్షణ ఇక్కడే అక్కరకు వస్తుంది. అనుభవం ఉన్న రైడర్ ముందు నడుస్తాడు. స్వీప్ రైడర్ అని పిలిచే మరొకరు అందరికన్నా వెనుక ఉంటారు, ఆ వ్యక్తి చేరితేనే బృందమంతా చేరినట్టు. గుంత వస్తే ముందున్నవారు చేత్తో చూపించాలి, వెనుకవారు దాన్ని తమ వెనుకవారికి అందించాలి. ముందున్న సైకిల్ గాలిని చీల్చుకుపోతే, దాని చాటున వచ్చేవారికి శ్రమ తగ్గుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరుగుతుంది. అందువల్ల ఎదురుగాలిలో ముందుండే బాధ్యతను వంతులవారీగా పంచుకోవడం న్యాయం. హెల్మెట్, స్పేర్ ట్యూబ్, పంచర్ కిట్, గాలి పంపు లేనివారిని బయలుదేరనివ్వకూడదు.

ఈ దారి పొడవునా రోడ్డు మెల్లగా మిట్ట ఎక్కి, మళ్లీ పల్లానికి దిగుతూ ఉంటుంది, చాలాచోట్ల ఆ పల్లంలో ఒక చెరువు కనిపిస్తుంది. తెలంగాణ పీఠభూమిలో కాకతీయులు విస్తరింపజేసిన గొలుసుకట్టు చెరువుల పద్ధతి అంటే ఇదే: ఎగువ చెరువు నిండి మత్తడి పోసిన నీరు, అంటే కట్ట పక్కన రాతితో కట్టిన ఎత్తు మీదుగా పొంగిన మిగులు నీరు, వాగులో కలిసి దిగువ చెరువును నింపుతుంది, అది నిండితే మరొకటి. కటాక్షపూర్ చెరువు మత్తడి పడి, నీరు రోడ్డెక్కి, ఈ రహదారి మీద రాకపోకలు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకం రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పూడిక తీతను, మరమ్మతును లక్ష్యంగా పెట్టుకుని ఆ రాజవంశం పేరే పెట్టుకోవడం సముచితం. ఎక్కడో ఒకచోట బృందం కట్ట మీద ఆగి, నీటిని పొలాలకు వదిలే తూమును, దాని కింద పచ్చగా పరుచుకున్న ఆయకట్టును చూసి కదలాలి. అది చూడకపోతే రామప్ప సగమే అర్థమవుతుంది.

ఎందుకంటే రామప్ప గుడి కూడా చెరువుతో పాటు పుట్టినదే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ రామలింగేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు, దగ్గర్లోని కొండల నడుమ కట్ట వేసి రామప్ప చెరువును నిలిపాడు. ప్రధాన శిల్పిగా చెప్పుకునే రామప్ప పేరుతోనే గుడి ప్రసిద్ధి పొందింది. ఎర్రని ఇసుకరాతి గోడలకు నల్లని డోలరైట్ రాతితో చెక్కిన మదనికలు, అంటే చూరు కింద ఏటవాలుగా నిలిపిన నర్తకీ శిల్పాలు, వన్నె తెచ్చాయి. ఆ నల్లరాయి ఎంత నున్నగా ఉంటుందంటే, నగల మధ్య దారపు పోగంత సందు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పునాదిలో ఇసుక నింపడం భూమి కదలికలను తట్టుకునేందుకు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడటం బరువు తగ్గించేందుకు. 2021 జూలై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇక్కడ పూజలు జరుగుతున్నాయి కాబట్టి పాదరక్షలు బయటే వదలాలి. పెడల్‌కు బిగుసుకునే లోహపు బిళ్లలున్న సైక్లింగ్ బూట్లు పాతరాతిని గీస్తాయి కాబట్టి ఆవరణ బయటి రాళ్ల మీద కూడా వాటితో తిరగకూడదు, సైకిళ్లను ఏ ప్రాచీన గోడకూ ఆనించకూడదు.

సమయం ఎంచుకోవడంలో ఉత్సాహం కన్నా కార్తెల లెక్క మేలు చేస్తుంది. వారసత్వ దినోత్సవం ఏప్రిల్ 18న వస్తుంది, అప్పటికే ఎండ ముదిరి ఉంటుంది. సైకిల్ దినోత్సవం జూన్ 3న, అంటే రోహిణి కార్తెలో వస్తుంది. దూరపు యాత్రకు ఆ రెండూ తగవు. నవంబర్ 19 నుంచి 25 వరకు జరిపే వారసత్వ వారోత్సవాలు ఈ ప్రాంతపు చలికాలానికి చక్కగా సరిపోతాయి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు లక్షలాది భక్తులు ఇదే రహదారి మీద కదులుతారు కాబట్టి, ఆ రోజుల్లో సైకిల్ బృందాలు దారికి అడ్డుపడకుండా ఉండటమే మర్యాద.

కాళ్లలో సత్తువ మిగిలిన బృందం ములుగులో రాత్రి బస చేసి, మర్నాడు వచ్చిన దారినే తిరిగిపోకుండా, రామప్పకు చేరువలోని ఘనపురం కోటగుళ్లను చూడాలి. కాకతీయుల కాలపు 22 గుళ్ల ఈ సముదాయానికి వచ్చే సందర్శకులు తక్కువ. అక్కడి నుంచి పరకాల మీదుగా హనుమకొండ చేరవచ్చు. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరవేసేందుకు పరకాలలో గుమిగూడిన జనం మీద నిజాం బలగాలు కాల్పులు జరిపాయి; ప్రాణాలు కోల్పోయిన వారి స్మృతికి పట్టణంలో అమరధామం వెలసింది. చివరి విడతకు ముందు బృందం అక్కడ ఆగడం అవసరం, కాకతీయుల తోరణాలు ఎంత ఈ నేల చరిత్రో, ఆ జెండా కూడా అంతే కాబట్టి.