మార్కాపురం చిరునామా ఎన్ని జిల్లాలు తిరిగిందో మీకు తెలుసా?

పాత పోస్టాఫీసు అనగానే పెంకుల కప్పు, ఎర్ర డబ్బా, కటకటాల కిటికీ వెతుక్కుంటాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు మాత్రం తపాలా చరిత్ర గోడల మీద కన్నా పాత కవర్ల మీదే ఎక్కువ దొరుకుతుంది.

మీకు తెలుసా? 1854 అక్టోబరులో పావు తులం ఉత్తరానికి అర్ధణా, ఎంత దూరమైనా అదే రేటు అన్న పద్ధతి దేశమంతటా వచ్చేనాటికి ఈ ప్రాంతం కడప జిల్లాలో ఉంది. 1858లో కర్నూలు జిల్లాలోకి వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది. 1972 డిసెంబరు 5న ఆ జిల్లా పేరే ప్రకాశం అయింది. 2025 నవంబరులో మార్కాపురం జిల్లా ప్రకటన వచ్చింది. ఇల్లు కదల్లేదు, వీధి కదల్లేదు. కవరు మీద చివరి పంక్తి మాత్రం మారుతూనే ఉంది.

పిన్‌కోడ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. అది 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపకర్త శ్రీరాం భికాజీ వేలంకర్ తపాలా అధికారే కాదు, సంస్కృత కవి కూడా. మార్కాపురానికి 523316, కంభానికి 523333, గిద్దలూరుకు 523357 వచ్చాయి. అప్పటికి ‘ప్రకాశం’ అన్న పేరింకా పెట్టలేదు. అంటే జిల్లా పేరు కన్నా దాని కోడ్‌లోని 523 దాదాపు నాలుగు నెలలు పెద్దది! 1970లో జిల్లా మారకుండా ఉంటే, కర్నూలు వారి 518 ఇక్కడికీ వచ్చేదేమో.

జిల్లా కోసం మార్కాపురం వాళ్లు ఏళ్ల తరబడి ఉద్యమాలు చేశారు. తపాలా శాఖ లెక్కలో మాత్రం మార్కాపురం ముందునుంచే ఓ డివిజన్ కేంద్రం, హెడ్ పోస్టాఫీసున్న ఊరు.

రైలు రాకముందు సంచులు మోసింది మనుషులే. ఈటె, దానికి గజ్జెలు, భుజాన ఉత్తరాల మూట: తపాలా బంట్రోతు సరంజామా అంతే. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు వెళ్లాలంటే నల్లమల దాటాలి, కాబట్టి గజ్జెల చప్పుడు అలంకారం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అడవిని చీల్చుకుంటూ గుంటూరు, గుంతకల్లు మధ్య రైలుమార్గం పడింది. అయినా మార్కాపురం స్టేషన్ ఊరికి ఎడంగానే పడింది. దాని పేరు ‘మార్కాపూర్ రోడ్’ అని ఉండటం అందుకే.

అప్పట్లో ఇక్కడి తపాలాకు పైకార్యాలయం మద్రాసులో. అక్కడి జనరల్ పోస్టాఫీసు భవనం వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్ రూపకల్పన, 1884 నాటిది.

మరి పల్లెల్లో పోస్టాఫీసు భవనం ఏది? చాలాచోట్ల అసలు ఉండదు. బ్రాంచి పోస్టుమాస్టరుగా చేరేవారే కార్యాలయానికి చోటు చూపించాలన్నది నియమం. అలా ఎవరి వసారానో, ముందుగదో పోస్టాఫీసు అవుతుంది. ఆయన పదవీ విరమణ చేస్తే ఆఫీసు ఇంకో వీధికి మారిపోతుంది. పల్లెలో ‘పాత పోస్టాఫీసు ఇల్లు’ అంటే చాలాసార్లు ఎవరో ఒకరి సొంతిల్లే.

ఆఫీసు ఎక్కడికి మారినా కూడా వెళ్లేది తేదీముద్ర. రోజూ పొద్దున తేదీ అచ్చు మార్చి, తొలి ముద్రను ఒక పుస్తకంలో వేసి ఉంచడం పోస్టాఫీసుల ఆనవాయితీ. ఊరి పోస్టాఫీసు ఏ రోజు తెరుచుకుందో, ఏ స్పెల్లింగు వాడిందో ఆ పుస్తకం చెబుతుంది. శిలాఫలకం వేయించని చిన్న ఊళ్లకు ఇదే పక్కా ఆధారం. ఇలాంటివి పాతకాగితాల కింద అమ్మేయడం నా దృష్టిలో దండగమారి పని.

ఇక తాజా మార్పు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. కోర్టు నోటీసులు, ఉద్యోగ ఉత్తర్వులు ఇకపై స్పీడ్‌పోస్టు పేరుతోనే గిద్దలూరు చేరతాయి.