నర్సింగ్‌లో చేరుతున్నారా? ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇంటర్ బైపీసీ ముగించి నర్సింగ్ వైపు చూస్తున్నారా? కర్ణాటక పక్కనే కదా, ‘సీటు గ్యారంటీ’ అంటూ ఏజెంట్లు ఇంటికే వస్తారు. తొందరపడి ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వకండి.

ఎక్కడ చదవొచ్చు?

కుప్పంలో పీఈఎస్, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో ప్రైవేటు నర్సింగ్ కాలేజీలున్నాయి. వీటికి డిగ్రీ ఇచ్చేది విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. తిరుపతిలోని స్విమ్స్ తానే ఒక విశ్వవిద్యాలయం. అక్కడా నర్సింగ్ కాలేజీ ఉంది.

ఏ కోర్సు?

* బీఎస్సీ నర్సింగ్: 4 ఏళ్లు, 8 సెమిస్టర్లు.
* పోస్ట్ బేసిక్ బీఎస్సీ: జీఎన్‌ఎం చేసినవారికి, 2 ఏళ్లు.
* ఎమ్మెస్సీ: బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవం ఉంటే, 2 ఏళ్లు.

డిగ్రీయే ఎందుకు?

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీ నర్సింగ్ వాళ్లు రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, అనుభవం లేకున్నా రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకైతే 50 పడకల ఆసుపత్రిలో 2 ఏళ్ల అనుభవం కావాలి.

చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తుంది? రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? క్లినికల్ శిక్షణ ఏ ఆసుపత్రిలో? జవాబు కాగితంపై చూపించని చోట పైసా కట్టొద్దు.