ఎదుటివాడున్నాడా?

శ్రోతలారా,

ఈ ప్రశ్న వినినంతనే "ఇది పనిలేనివారి ప్రశ్న" యని మీలో కొందఱు నవ్వుకొందురు. నేనును మొదట నవ్వితిని. ఆ నవ్వు నిలువకపోయిన కారణమును మీకు మనవిచేసెదను.

కొన్ని నెలల క్రిందట మిత్రులము మువ్వురము విజయనగరమునుండి శాలిహుండమునకు మోటారుకారులో బయలుదేరితిమి. ఒకరు ప్లీడరు, ఒకరు లెక్కల మాష్టారు. ఇరువురును పని విరమించినవారే. శాలిహుండము వంశధారకు దక్షిణపుటొడ్డున నున్న బౌద్ధక్షేత్రము. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు దానిని కనుగొనిరి. నెల్లిమర్ల దాటగా రామతీర్థపు కొండలు కనబడినవి. అచ్చటి గురుభక్తులకొండపైనను బౌద్ధుల శిథిలములున్నవి.

వానిని చూచుచు ప్లీడరుగారిట్లనిరి: "మాష్టారూ, రాత్రి కలలో పదిమంది నాతో వాదించిరి. మెలకువ రాగా ఒక్కడును లేడు. ఇప్పుడు మీరున్నారనుటకు రుజువేమి? నా పంటినొప్పి నాకు తెలియును. మీ నొప్పి నాకెన్నడైన తెలిసినదా?"

"పొగను చూచి నిప్పును ఊహించుటలేదా? నొప్పి కలిగినపుడు నేను మూలుగుదును. మీరు మూలిగినచో మీకును నొప్పి యున్నదని ఊహింతును" అని మాష్టారు బదులుచెప్పిరి.

"పొగను నిప్పును వంటయింట కలిపి చూచితిరి గనుక ఆ ఊహ చెల్లినది. నా మూలుగును నా నొప్పిని మీరెన్నడు కలిపి చూచితిరి? ఒక్క మీ దేహమున చూచినదానిని లోకమందలి దేహములన్నిటికి అంటగట్టుట ఏమి న్యాయము?"

మాష్టారు మాటాడలేదు. ఈ తగవు క్రొత్తది కాదని నేనంటిని. క్రీస్తుశకము 7వ శతాబ్దమున ధర్మకీర్తి యను బౌద్ధాచార్యుడు దీనికై 'సంతానాంతరసిద్ధి' యను గ్రంథమునే వ్రాసెను. ఇచ్చట సంతానమనగా బిడ్డలు కారు, ఎడతెగని జ్ఞానప్రవాహము. జ్ఞానముకంటె వేఱుగా బాహ్యవస్తువు లేదను విజ్ఞానవాదము ఆయన మతము. "అట్లయిన నీకు ఎదుటివాడెక్కడ?" అని పరులాక్షేపింపగా ఆయన చెప్పినది ఇది: నా మాటకు, నా కదలికకు ముందు నా సంకల్పముండుట నేనెఱుగుదును. నా సంకల్పము లేకయే మాటలు, కదలికలు నాకు తోచుచున్నవి. కావున వానికి వేఱొక సంకల్పము కారణమై యుండవలెను. ఈ గ్రంథము నేడు టిబెట్టు భాషలో నిలిచియున్నది.

11వ శతాబ్దమున రత్నకీర్తి, తానును బౌద్ధుడయ్యు, 'సంతానాంతరదూషణము' వ్రాసి దీనిని ఖండించెను. పరచిత్తము ఎన్నడును ప్రత్యక్షము కాదు గనుక దానికిని కదలికకును గల సంబంధమును తెలియనేరమని ఆయన వాదము. మన ప్లీడరుగారి ఆక్షేపణయు నిట్టిదే. అద్వైతులలో ఏకజీవవాదులును జీవుడొక్కడే యనియు, తక్కినవారు స్వప్నపురుషులవంటివారనియు చెప్పిరి.

ఇంగ్లండు తత్త్వవేత్త రస్సెల్ 1948లో ప్రకటించిన గ్రంథమున నొక ముచ్చట చెప్పెను. లాడ్ ఫ్రాంక్లిన్ అను విదుషి, తాను తప్ప అన్యులు లేరను మతమును తాననుసరించుచున్నాననియు, ఇతరులెవ్వరును అనుసరింపకుండుట వింతగా నున్నదనియు ఆయనకు జాబు వ్రాసెనట! ఎవరికి వ్రాసెనో చూచితిరా?

అందఱమును నవ్వితిమి. రణస్థలము చేరకమున్నే మేకపిల్ల వెంట నొక బాలుడు రోడ్డుకడ్డముగా పరుగెత్తెను. "ఆపు నాయనా! పిల్లవాడు!" అని మొదట కేకవేసినవారు ప్లీడరుగారే. డ్రైవరు బండి నాపెను. బాలునకేమియు కాలేదు.

"రుజువు దొరకినదా?" అని మాష్టారు నవ్విరి.

"రుజువు కాదు. కలలోనైనను కేకవేయుదును" అని ప్లీడరుగారు కొంతసేపూరకుండి, మెల్లగా నిట్లనిరి: "నా యింటిది పోవుటకు ముందు రెండుమాసములు కడుపునొప్పి యని చెప్పుచుండెను. పరీక్షలలో నేమియు కనబడలేదు. నేను నమ్మలేదు. చేయి విఱిగినదని నా ముందు నిలిచిన కక్షిదారుని నమ్మితిని. నలువదేండ్లు కాపురము చేసినదానిని నమ్మలేదు. ఆనాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువలేదు."

అటుపిమ్మట శ్రీకాకుళమువఱకు ఎవ్వరును వాదింపలేదు.

శ్రోతలారా, ధర్మకీర్తి గెలిచెనో రత్నకీర్తి గెలిచెనో నేను తీర్పు చెప్పజాలను. లెక్కవలె తేలు రుజువు ఇందులో దొరకలేదు. కాని నష్టమును తూచి చూడవచ్చును. లేని బాధను ఉన్నదని నమ్మినచో మనకు పోవునది కొంత శ్రమ, కొంత ధనము. ఉన్న బాధను లేదన్నచో పోవునది మఱల రాదు. తీర్పు సందేహముననున్నపుడు ఏ తప్పు చిన్నదో ఆ వైపు మొగ్గుట పెద్దల ధర్మము.

మీరు ఊరిలో తగవులు తీర్చువారు. ఇంట కోడలు నొప్పి యనినను, వాకిట పాలేరు ఒంట్లో బాగులేదనినను, మాటలేని ఎద్దు కాడి మోయక నిలిచినను, "ఏమియు కనబడుటలేదే" యని త్రోసివేయకుడు. పరుని బాధ కంటికి కనబడునది కాదు. అడిగి, విని, నమ్మి తెలిసికొనవలసినది.

సెలవు.