తలనొప్పే కదా అన్నాము

ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత తార్నాకాలోని ఒక ఇంటి ముందుగదిలో మేము పది పదిహేనుమంది స్త్రీలం దివ్య ఖుర్ఆన్ అధ్యయనానికి సమావేశమవుతాము. మాలో గృహిణులున్నారు, ఉపాధ్యాయినులున్నారు, ఉద్యోగ విరమణ చేసిన నర్సు ఆపా ఉన్నారు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అమ్మాయిలున్నారు. వారిలో ఒక చెల్లెలు ఒకనాడు పాఠం మధ్యలో ఓణీ కొంగు కళ్లమీదికి లాక్కుని, గోడకు తల ఆనించి కూర్చుండిపోయింది. రమజాన్‌కు ఇంకా నెలరోజులుంది. ఆమెకు మూడో నెల. ఏమైందని అడిగితే, “కుడి కణతలో సమ్మెటతో కొడుతున్నట్టుంది ఆపా, వెలుతురు చూడలేకపోతున్నాను” అన్నది.

అప్పుడు మేమేమన్నామో దాచకుండా చెప్పాలి. తొలిచూలుకు ఇవన్నీ మామూలే అన్నారొకరు. నజర్ తగిలి ఉంటుంది, సూరాలు చదివి ఊదుకో అన్నారు మరొకరు. తమ కాలంలో నెలలు నిండేదాకా బావిలో నీళ్లు తోడామని ఒక పెద్దావిడ గుర్తుచేసుకున్నారు. తలనొప్పే కదా, ఓర్చుకుంటే పుణ్యమని అందరమూ ముగించాము. నర్సు ఆపా ఆరోజు రాలేదు. ఈ వ్యాసాన్ని ఆనాటి మాటలకు మేము ఇచ్చుకుంటున్న సంజాయిషీ అనుకున్నా తప్పులేదు.

ఆమెకున్నది మైగ్రేన్. కాలేజీ రోజులనుండీ ఉన్నదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లో చెప్పింది కూడా. కాని ఆ ఆంగ్లపదం అత్తమ్మ చెవికి చదువుకున్నవాళ్ల సాకులా వినిపించింది. వారం తరువాత నర్సు ఆపా వాళ్లింటికి వెళ్లి, “అమ్మాయికి ఆధాసీసీ ఉంది” అన్నారు. అంతే, అత్తమ్మ ముఖం మారిపోయింది. “మా అమ్మీకి ఉండేది. రెండు రోజులు చీకటి గదిలోంచి లేచేది కాదు” అన్నదట. ఉర్దూలో ఆధాసీసీ, అరబ్బీలో షఖీఖహ్, తెలుగులో పార్శ్వపు నొప్పి. మైగ్రేన్ అన్న మాట కూడా సగం తల అనే అర్థమున్న గ్రీకు పదం నుండి వచ్చినదే. ఇన్ని జాతులవారు ఒక బాధను ఒకే విధంగా గుర్తుపట్టి పేరు పెట్టుకున్నారు. 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పడానికే పుట్టింది. అంతకు ముందు ఏడాది ఏర్పడిన దారుల్ తర్జుమాలో పండితులు కూర్చుని విజ్ఞాన, వైద్య గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. నూరేళ్లు గడిచాక అదే ప్రాంగణంలో చదివే అమ్మాయి తన వ్యాధికి ఇంటివారికి అర్థమయ్యే పేరు దొరక్క రెండు నెలలు మాట పడింది.

సహీహ్ బుఖారీలో ఒక ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (స) ఇహ్రామ్ స్థితిలో ఉండగా షఖీఖహ్ బాధ కలిగి తలకు హిజామా చేయించుకున్నారు. ఇందులో మమ్మల్ని ఆలోచింపజేసినది చికిత్సా విధానం కన్నా చికిత్స జరిగిన సమయం. ఇహ్రామ్ ముగిసేదాకా ఓర్చుకుందామని ఆయన వాయిదా వేయలేదు. (గర్భవతులు మాత్రం దీన్ని చూసి హిజామాకు పరుగెత్తరాదు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం తీయడం ప్రమాదమన్న హెచ్చరిక ప్రాచీన వైద్యంలోనూ ఉంది.)

మైగ్రేన్ నరాలకు సంబంధించిన వ్యాధి. మందు పడకపోతే నాలుగు గంటల నుండి మూడు రోజులదాకా ఉంటుంది. తలలో ఒకవైపు, కొందరికి రెండువైపులా, నాడి కొట్టుకున్నట్లు నొప్పి, కదిలితే ఎక్కువవుతుంది, వెలుతురు, చప్పుడు, వాసనలు భరించలేరు, వాంతులవుతాయి. కొందరికి నొప్పికి ముందు కళ్ల ఎదుట వంకరటింకర మెరుపుగీతలు కనిపిస్తాయి. పురుషులకన్నా స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈస్ట్రోజెన్ హార్మోను హెచ్చుతగ్గులే అందుకు ముఖ్య కారణంగా చెబుతారు. గర్భం తొలి మూడు నెలలలో వేవిళ్లతో కలిసి నొప్పి ముదరవచ్చు. ఆ పైన హార్మోను నిలకడగా ఉండడంతో చాలామందికి తగ్గుముఖం పడుతుంది. ఈ ఒక్క మాట మా చెల్లెలికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం దిగులు తీరేది. తొమ్మిది నెలలూ ఇంతేనేమోనని ఆమె ఒంటరిగా ఏడ్చిన రాత్రులున్నాయి.

నర్సు ఆపా ఆమె చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, నొప్పి వచ్చిన రోజు, వేళ, ముందురాత్రి నిద్ర, తిన్నది, తాగినది, వేసుకున్న మాత్ర అన్నీ రాయమన్నారు. మూడు వారాలకు దానిలోంచి ఒక దినచర్య బయటపడింది. వికారం భయంతో ఉదయం ఏమీ తినకుండా బయలుదేరడం. ఎండలో నడక, ఆర్ట్స్ కళాశాల రాతి గోడలమీద, ముందున్న రోడ్డుమీద పడి కళ్లలోకి కొట్టే తెల్లని వెలుగు. గ్రంథాలయంలో గంటల తరబడి తెరవైపు చూపు. మధ్యాహ్నం ఆకలిని చంపడానికి తార్నాకా కూడలి దగ్గర హారన్ల మోతలో రెండు కప్పుల ఇరానీ చాయ్. సాయంత్రానికి నొప్పి.

ఆ కూడలికి కూతవేటు దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. రోజూ దాని గేటు ముందునుంచి వెళ్తాం గాని లోపల చెప్పేది మన వంటింటిదాకా రాదు. 2024లో ఆ సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల చాయ్‌లో 30 నుండి 65 మిల్లీగ్రాములు, డికాక్షన్ కాఫీలో 80 నుండి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. గర్భవతులు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటవద్దని చాలామంది వైద్యుల సలహా. భోజనానికి గంట ముందు, గంట తరువాత చాయ్, కాఫీ వద్దని కూడా అందులో ఉంది. అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. రక్తహీనత కూడా తలనొప్పికి తోడయ్యేదే కనుక ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలను చాయ్‌తో మింగే అలవాటును మా సమావేశంలో చాలామందిమి ఆ రోజే మానుకున్నాము. అయితే చాయ్‌ని ఒక్కసారిగా మానేసినా తలనొప్పి వస్తుంది. రోజుకు కొంతగా తగ్గించుకోవాలి.

ఆమె చేసిన మార్పులు చిన్నవి. మంచం దిగకముందే రెండు బిస్కట్లో, ఒక రొట్టెముక్కో తినడం, సంచిలో నీళ్ల సీసా, ఖర్జూరాలు, వేయించిన శనగలు, ఎండలో గొడుగు, రోజూ ఒకే వేళకు నిద్ర. నొప్పి మొదలైన వెంటనే చీకటి గది, నుదుటిమీద చల్లని తడిగుడ్డ. ఇవన్నీ ఆమె ఒక్కతే చేసుకోగలిగినవి కావు. తాళింపు వాసనకు నొప్పి రేగుతుందని తెలిశాక ఆమె భర్త సాయంత్రం వంట తన చేతిలోకి తీసుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారట. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి నవ్వినవాళ్లూ చదివే ఉంటారు.

మాత్రల విషయంలో ఆమె అదృష్టవంతురాలు. పెళ్లికి ముందు వాడిన మాత్రల అట్టే మళ్లీ కావాలని భర్తను మందుల దుకాణానికి పంపింది. అతడు తెచ్చాడు కూడా. వేసుకునే ముందు అట్ట వెనుక చదివిన నర్సు ఆపా దాన్ని లాగేసుకున్నారు. అందులో ఎర్గోటమిన్ ఉంది. అది గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, బిడ్డకు రక్తప్రసారాన్ని తగ్గిస్తుంది. గర్భవతి దాన్ని తాకరాదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కూడా, ముఖ్యంగా ఇరవయ్యో వారం దాటాక, బిడ్డకు హానికరం. మైగ్రేన్ రాకుండా ముందుజాగ్రత్తగా కొందరికి ఇచ్చే వాల్‌ప్రోయేట్, టోపిరామేట్ మందులు గర్భస్థ శిశువులో లోపాలు కలిగించగలవు. అవి వాడుతున్నవారు బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. సాధారణంగా మొదట వైద్యులు సూచించేది పారాసెటమాల్. అదైనా చెప్పిన మోతాదులోనే. నెలలో పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. పారాసెటమాల్‌కు లొంగనివారికి ఇతర మందులు, వాంతులు తగ్గించే మందులు ఉన్నాయి. అవి డాక్టరు రాసివ్వవలసినవి.

రమజాన్ వచ్చింది. రోజా వదలడానికి ఆమె మనసు ఒప్పలేదు. మొదటి రోజు మధ్యాహ్నానికే వాంతులు, నొప్పి. ఉపవాస విషయంలో అల్లాహ్ ప్రయాణికునికి ఇచ్చిన సడలింపును గర్భిణికి, పాలిచ్చే తల్లికి కూడా ఇచ్చాడని దైవప్రవక్త (స) తెలిపినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. వదిలిన రోజాలను తరువాత పూర్తిచేసుకునే వివరాలు తమ మస్లక్ ఆలిములను అడిగి తెలుసుకోవచ్చు. నిలబడలేనప్పుడు కూర్చుని, అదీ చేతకానప్పుడు పడుకుని నమాజు చేసే అనుమతి కూడా ఇలాంటి రోజుల కోసమే.

సహనం గురించి మేము ఆమెకు చెప్పిన పాఠాన్ని ఆ నెలలో మళ్లీ చదువుకున్నాము. హజ్రత్ అయ్యూబ్ (అలై) తనకు బాధ కలిగిందని ప్రభువుకు మొరపెట్టుకున్నారు. అయినా ఖుర్ఆన్ ఆయనను సహనశీలి అనే అన్నది. హజ్రత్ మర్యమ్ (అలై) పురిటినొప్పులు తాళలేక ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండునని వాపోయారు. దానికి బదులుగా ఆమెకు మందలింపు రాలేదు. పాదాల చెంత సెలయేరు, తలపైన పండిన ఖర్జూరం లభించాయి. మేము చెల్లెలికి మంచినీళ్లయినా ఇవ్వకుండా పుణ్యం గురించి చెప్పాము.

మే నెల నాటికి వైద్యులు చెప్పినట్లే నొప్పులు బాగా తగ్గాయి. నోటుపుస్తకంలో వారాలు ఖాళీగా పోయాయి. ఆమె మళ్లీ నవ్వుతూ ప్రాంగణానికి వెళ్లివస్తోంది. ఇక అసలు సంగతి.

బక్రీద్ తరువాతి వారం, ఎనిమిదో నెలలో, ఒక సాయంత్రం తలనొప్పి తిరిగి వచ్చింది. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. ఇప్పుడు అందరికీ ఆధాసీసీ గురించి తెలుసు కదా! కిటికీలు మూశారు, తడిగుడ్డ వేశారు, పారాసెటమాల్ ఇచ్చారు. మర్నాటికీ తగ్గలేదు. మా సమావేశానికి రాలేనని ఫోను చేసి, “ఈసారి ఒకవైపు కాదు ఆపా, తలంతా బిగబట్టినట్టుంది, కళ్లముందు మసకగా ఉంది, ఉంగరం వేలికి ఎక్కడం లేదు” అన్నది. నర్సు ఆపా పాఠం మధ్యలోనే లేచి బి.పి. యంత్రంతో వెళ్లారు. 160/110 ఉంది. గంటలోపు ఆసుపత్రిలో చేర్చారు.

ప్రీఎక్లాంప్సియా అనే ఈ స్థితి సాధారణంగా ఇరవయ్యో వారం తరువాత వస్తుంది. రక్తపోటు పెరిగి మూత్రపిండాలు, కాలేయం, మెదడు దెబ్బతింటాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అని భయపడేది దానికే. మైగ్రేన్ ఉన్న స్త్రీలలో దీని ముప్పు కొంత ఎక్కువ. మైగ్రేన్‌ను లెక్కచేయని ఇల్లు ఒక విధంగా ప్రమాదకరమైతే, మైగ్రేన్‌ను బాగా తెలిసిన ఇల్లు ఇంకో విధంగా ప్రమాదకరం. అలవాటైన పేరు చేతికందగానే ఏ తలనొప్పి వచ్చినా దాని ఖాతాలోనే వేసేస్తాము. ఆమెకు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చారు, రక్తపోటును అదుపులో పెట్టారు, ముప్పై నాలుగో వారంలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు. అల్హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డలు క్షేమం.

ఐదో నెల దాటాక వచ్చే కొత్త తలనొప్పి గాని, పాతదానికి భిన్నంగా ఉన్న తలనొప్పి గాని, తగ్గిపోయి తిరిగి వచ్చినది గాని బి.పి. చూపించుకోకుండా మైగ్రేన్ అనుకోరాదు. 140/90 లేదా అంతకు మించితే ఆ రోజే డాక్టరును కలవాలి. చూపు మసకబారడం, పక్కటెముకల కింద కడుపునొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం తోడైతే రాత్రివేళ అయినా ఆగరాదు. క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, ఒక కాలో చేయో పట్టు తప్పడం, మూర్ఛ, ఇవన్నీ 108కి ఫోను చేయవలసినవే. కాన్పయిన ఆరు వారాలదాకా కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. బాలింతలలో మెదడు రక్తనాళాల్లో గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంది. బి.పి. చూపించుకోవడానికి పెద్ద ఆసుపత్రే అక్కరలేదు. బస్తీ దవాఖానాలో ఉచితంగా చూస్తారు.

మా ముందుగది గూటిలో ఇప్పుడు రెహల్ పక్కన ఒక బి.పి. యంత్రం ఉంది. తలా కొంత వేసుకుని కొన్నాము. పాఠానికి వచ్చిన గర్భిణులు ముందు దాని దగ్గర కూర్చుంటారు.

కాన్పయిన మూడో వారంలో చెల్లెలికి మళ్లీ తలనొప్పి వచ్చింది. అత్తమ్మే ముందుగా ఫోను చేసింది. నర్సు ఆపా వెళ్లి చూస్తే 118/76. చూపు బాగుంది, వాపు లేదు, నొప్పి కుడివైపునే ఉంది. అయినా ఆసుపత్రికి ఫోను చేసి డాక్టరమ్మను కనుక్కున్నారు. అది పాత ఆధాసీసీయే. కిటికీ తెర దించి, తలుపు దగ్గరగా వేసి, పాపను ఎత్తుకుని అత్తమ్మ వరండాలోకి వెళ్లింది.