జెట్ బోట్: యాక్సిలరేటర్ వదిలేస్తే స్టీరింగ్ పనిచేయదు.. ఫిన్స్ మారిస్తే ఏం జరుగుతుంది?

ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే ఎవరైనా ఏం చేస్తారు? యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్ పక్కకు తిప్పుతారు. కారులో అయినా, బైక్‌పై అయినా చెయ్యి దానంతట అదే చేసే పని ఇది. జెట్ బోటులో మాత్రం సరిగ్గా ఇదే కొంప ముంచుతుంది. యాక్సిలరేటర్ వదిలాక స్టీరింగ్ ఎంత తిప్పినా బోటు దాదాపు తిరగదు. అప్పటిదాకా ఉన్న వేగంతో నేరుగా ముందుకే వెళ్లిపోతుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బోటు సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. నీళ్లే ఆపేస్తాయిలే అనుకునేలోపు ఎదురుగా ఉన్న జెట్టీ, పక్క బోటు, ఈదుతున్న మనిషి.. ఏదైనా మీదకు వచ్చేస్తుంది. అందుకే చాలామంది జెట్ బోటు ఓనర్లు కొన్న కొద్దిరోజులకే స్టీరింగ్ ఫిన్స్ మార్చే పనిలో పడతారు. మరి ఈ చిన్న రెక్కలు నిజంగా పనిచేస్తాయా? ఎంతవరకు?

అసలు సమస్య ఎక్కడుంది?

మామూలు మోటార్ బోటుకు వెనుక ప్రొపెల్లర్ ఉంటుంది. అది బిగించి ఉన్న కాలు నీళ్లలోకి దిగి ఉంటుంది. ఇంజిన్ వేగం తగ్గించినా ఆ కాలే చుక్కానిలా పనిచేస్తుంది. తిప్పితే ఎంతో కొంత బోటు తిరుగుతుంది.

జెట్ బోటుకు ఆ కాలు లేదు. బోటు అడుగున ఉన్న జాలీ నుంచి పంపు నీటిని లోపలికి లాగుతుంది. బోరు మోటార్‌లో ఉండే ఇంపెల్లర్ లాంటిదే ఇక్కడా ఉంటుంది. అది నీటిని బలంగా వెనక్కి తోసి, ఒక నాజిల్ గుండా బయటకు చిమ్ముతుంది. నీళ్లు వెనక్కి, బోటు ముందుకు. స్టీరింగ్ తిప్పితే ఆ నాజిల్ అటూ ఇటూ తిరుగుతుంది. ధార దిశ మారితే బోటు దిశ మారుతుంది. అంతే.. జెట్ బోటుకు ధారే చుక్కాని. యాక్సిలరేటర్ వదిలితే ధార సన్నబడుతుంది, దాంతోపాటే చుక్కానీ పోతుంది.

ఈ డిజైన్ ఊరికే రాలేదు. న్యూజిలాండ్‌కు చెందిన బిల్ హామిల్టన్ 1950ల్లో దీన్ని అభివృద్ధి చేశారు. అక్కడి సౌత్ ఐలాండ్ నదులు పాయలు పాయలుగా, గులకరాళ్ల మీద మోకాల్లోతు నీళ్లతో పారుతుంటాయి. ప్రొపెల్లర్ ఉన్న బోటు వేస్తే రాయికి తగిలి విరిగిపోవాల్సిందే. అందుకే బోటు అడుగున ఏమీ వేలాడకుండా ఆయన జెట్ పద్ధతిని ఎంచుకున్నారు. 1960లో ఆయన బోట్లు అమెరికాలోని గ్రాండ్ కేన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కి చరిత్ర సృష్టించాయి. అంటే ఇప్పుడు ఓనర్లు తిట్టుకుంటున్న లోపం, ఈ బోటుకు ఉన్న అతి పెద్ద బలం.. రెండూ ఒకటే. అడుగున ఏమీ లేకపోవడం!

నెమ్మదిగా వెళ్తే ఇంకో తలనొప్పి

వేగంగా ఉన్నప్పుడు భయం ఒకరకం. నెమ్మదిగా వెళ్లేటప్పుడు చిరాకు ఇంకోరకం. అమెరికా సరస్సుల్లో జెట్టీల దగ్గర అలలు లేపకుండా వెళ్లాలని రూల్ ఉంటుంది. చాలాచోట్ల వేగం గంటకు 5 మైళ్లు, అంటే సుమారు 8 కిలోమీటర్లు మించకూడదు. ఆ వేగంలో జెట్ బోటు ముక్కు ఎడమకు కాసేపు, కుడికి కాసేపు తూలుతూ ఉంటుంది. నీళ్లలో పట్టు దొరకదు కాబట్టి. పక్క నుంచి గాలి వీస్తే ఇక చెప్పక్కర్లేదు.

నిజం చెప్పాలంటే ఈ తూలుడులో సగం డ్రైవర్ పుణ్యమే. ముక్కు కొంచెం పక్కకు పోగానే స్టీరింగ్ గట్టిగా తిప్పుతారు. బోటు ఆలస్యంగా స్పందిస్తుంది, అంతలో ఇంకాస్త తిప్పుతారు. అది కాస్తా అవతలి వైపుకు వెళ్లిపోతుంది. స్టీరింగ్ కదపకుండా రెండు సెకన్లు ఓపిక పడితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఫిన్స్‌కు డబ్బు పెట్టే ముందు పైసా ఖర్చు లేని ఈ ప్రయోగం చేసి చూడటం మంచిది.

ఫిన్ ఏం చేస్తుంది?

నాజిల్‌కు అటూ ఇటూ లేదా కింద బిగించే చిన్న రెక్క ఇది. స్టీరింగ్ తిప్పితే నాజిల్‌తో పాటు తిరుగుతుంది. ధార లేకపోయినా, బోటు కదులుతున్నంతసేపు నీటి ప్రవాహం ఆ రెక్కకు తగిలి వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది. అంటే పోయిన చుక్కానిని కొంతవరకు తిరిగి తెచ్చినట్టు.

కంపెనీలకూ ఈ సంగతి తెలియంది కాదు. 1998లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ జెట్ స్కీల ప్రమాదాలపై ఒక అధ్యయనం విడుదల చేసింది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు స్టీరింగ్ పోవడాన్ని అందులో ప్రస్తావించింది. ఆ తర్వాతి ఏళ్లలో కంపెనీలు రెండు దారులు పట్టాయి. సీ-డూ కొన్ని మోడల్స్‌కు పక్కల రెక్కలు పెట్టింది. యాక్సిలరేటర్ వదిలితే అవి నీళ్లలోకి దిగి, చుక్కానిలా పనిచేస్తాయి. కవాసాకి, యమహా ఇంకో దారి ఎంచుకున్నాయి. యాక్సిలరేటర్ వదిలి హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ దానంతట అదే కొంచెం రేజ్ అయి, తిరగడానికి సరిపడా ధార ఇస్తుంది. యమహా పెద్ద బోట్లలో కొన్నింటికి నాజిల్‌తో పాటు తిరిగే కీల్ కూడా ఇచ్చింది. పాత మోడల్స్, చిన్న మోడల్స్ ఉన్నవాళ్లే ఎక్కువగా బయట దొరికే ఫిన్స్ వైపు చూస్తున్నారు.

తేడా బాగా తెలిసేది తక్కువ వేగంలోనే. తూలడం తగ్గుతుంది. జెట్టీకి చేర్చేటప్పుడు స్టీరింగ్‌కు బోటు స్పందిస్తుంది. వేగంలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు కూడా కొంత మలుపు దొరుకుతుంది. కానీ ఇది బ్రేక్ కాదు. వేగంగా వెళ్తూ హఠాత్తుగా అడ్డం వస్తే జెట్ బోటులో ఇప్పటికీ పనికొచ్చేది ఒకటే.. యాక్సిలరేటర్ పూర్తిగా వదలకుండా కొంత ఉంచి, తిప్పడం. ఫిన్స్ ఉన్నాయన్న ధీమాతో ఈ అలవాటు మానేస్తే మొదటికే మోసం.

పెద్ద ఫిన్ కొంటే మంచిదా?

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తున్నారు. ఫిన్ పెద్దదైన కొద్దీ పట్టు పెరుగుతుంది, నిజమే. కానీ నీళ్లలో రాపిడి కూడా పెరుగుతుంది. స్టీరింగ్ కేబుల్‌పై లోడ్ పడి తిప్పడం బరువవుతుంది. వేగంలో గట్టిగా మలిపితే బోటు ఒక్కసారిగా పట్టేసి, లోపల కూర్చున్నవాళ్లు పక్కకు పడే ప్రమాదం ఉంటుంది. లోతు లేని చోటికి వెళ్లినా, బోటును ఇసుకలోకి ఎక్కించినా మొదట తగిలేది ఫిన్నే. ఆ దెబ్బ నాజిల్‌కు చేరితే ఖర్చు ఫిన్‌తో పోదు.

అందుకే ఏదైనా తగిలితే పైకి మడుచుకుని, మళ్లీ కిందకు దిగే రకం దొరికితే అదే బెటర్. మన గుర్రపుడెక్క లాంటి నాచు, కలుపు ఉన్న నీళ్లలో స్థిరంగా ఉండే ఫిన్స్‌కు అవి చుట్టుకుంటూనే ఉంటాయి. ప్లాస్టిక్ ఫిన్ గట్టి దెబ్బకు విరిగిపోతుంది, కానీ చాలాసార్లు నాజిల్‌ను కాపాడుతుంది. స్టీల్ ఫిన్ విరగదు, ఆ దెబ్బను నాజిల్‌కు పంపిస్తుంది. రాళ్లున్న చోట తిరిగేవాళ్లకు ప్లాస్టిక్కే నయం.

ఇంకో విషయం చాలామంది ఆలోచించరు. బోటు వెనుక ప్లాట్‌ఫామ్ మీద నుంచే పిల్లలు నీళ్లలోకి దూకుతారు, మళ్లీ అక్కడి నుంచే ఎక్కుతారు. ఫిన్ సరిగ్గా వాళ్ల కాళ్ల ఎత్తులో ఉంటుంది. అంచులు పదునుగా ఉంటే వద్దనుకోవడమే మంచిది. ట్యూబ్ కట్టి లాగేవాళ్లు తాడు ఫిన్‌కు చిక్కుకోకుండా చూసుకోవాలి.

బిగించేటప్పుడు..

బోటు ట్రైలర్‌పై ఉండాలి. కీ తీసేసి, బ్యాటరీ కనెక్షన్ పీకేశాకే జెట్ దగ్గర చెయ్యి పెట్టాలి. నాజిల్ సాధారణంగా అల్యూమినియం, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్. ఉప్పు నీళ్లలో ఈ రెండూ కలిస్తే అల్యూమినియం తినేస్తుంది, బోల్టులు పట్టేస్తాయి. కాబట్టి సముద్రంలో నడిపేవాళ్లు పాత బోల్టులు బలవంతంగా తిప్పకూడదు, విరిగి లోపలే ఉండిపోతాయి. కొత్తవి బిగించేటప్పుడు తుప్పు పట్టనివ్వని పేస్ట్ వాడాలా, వదులవకుండా ఉంచే థ్రెడ్‌లాకర్ వాడాలా అనేది ఫిన్ తయారీదారు ఇచ్చిన సూచనలోనే ఉంటుంది. అదే పాటించాలి. వారంటీ మీద ప్రభావం ఉంటుందేమో డీలర్‌ను ముందే అడగాలి.

బిగించాక స్టీరింగ్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు పూర్తిగా తిప్పి చూడాలి. రివర్స్ బకెట్ కిందకు, పైకి కదిపి ఫిన్‌కు ఎక్కడా తగలట్లేదని ఖాయం చేసుకోవాలి. రెండు ఇంజిన్ల బోటైతే రెండు వైపులా ఒకే ఎత్తులో, ఒకే కోణంలో ఉండాలి. లేదంటే బోటు ఒక పక్కకు లాగుతుంది.

మొదటి ట్రయల్ ఖాళీ నీళ్లలో, తక్కువ వేగంతో మొదలుపెట్టాలి. ఒకటి రెండు ట్రిప్పుల తర్వాత బోల్టులు మళ్లీ చెక్ చేయాలి. బోటును స్నేహితుల చేతికి ఇస్తుంటే ‘కొత్త ఫిన్స్ వేయించాను’ అని చెప్పి ఊరుకోవద్దు. ఎవరూ లేని చోట ఒకసారి వాళ్లతోనే యాక్సిలరేటర్ వదిలించి, స్టీరింగ్ తిప్పించి, బోటు ఎంత దూరం పోయాక మలుపు తీసుకుంటుందో కళ్లారా చూపించాలి.