జనగణమన... ఓ డైనోసారు!

గోదావరిఖనిలో ఉదయం ప్రార్థన వేళ. రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు ఇళ్లకు మళ్లుతుంటారు. బడిలో పిల్లలు గొంతు కలిపి 'జనగణమన' అందుకుంటారు. ఆ పాట రాసిందెవరంటే ఠక్కున చెబుతారు... రవీంద్రనాథ్ ఠాగూర్ అని. మరి ఆ ఠాగూర్ పేరున్న డైనోసారు తమ గోదారికి దిగువనే దొరికిందని చెబితే? నోరెళ్లబెడతారు!

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదారిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్రలోని సిరొంచ. అక్కడా తెలుగు మాటే వినిపిస్తుంది. ఆ ప్రాంతంలోని పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదండోయ్) దగ్గర 1958లో మొదటి ఎముకలు కనిపించాయి. తవ్విందెవరో తెలుసా? కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ. లెక్కల వాళ్లకు ఎముకలతో పనేంటనుకోకండి. ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ కోరికపై బ్రిటన్ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ వచ్చి ఈ పనికి బాట వేశారు.

చెట్ల మొద్దులతో కలగలిసిన మూడొందల దాకా ఎముకలు! కనీసం ఆరు జంతువులవి. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటివి. పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడవు. అందుకే 'బారాపాసారస్' అన్నారు... బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు. తవ్వకాలు జోరుగా సాగిన 1961 ఠాగూర్ శతజయంతి సంవత్సరం. మహలనోబిస్‌కు ఆయన ఆత్మీయులు కూడా. 1975లో శాస్త్రీయంగా పేరు పెట్టినప్పుడు వెనక 'టాగోరై' చేరింది. పాటల కవికి ఇంత బరువైన కానుక ఇంకెవరిచ్చారు!

ఆ అస్థిపంజరం కోల్‌కతాలో, అదే సంస్థ మ్యూజియంలో నిలబడింది. దాని తమ్ముడులాంటి కోటాసారస్ మనకు కాస్త దగ్గర. నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన దీనికి 1988లో యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

అయినా ఖని పిల్లలకు రాతిలో రాత కొత్తేం కాదు. బొగ్గు పొరల మీది షేలు పలకల్లో ఆకు ముద్రలుంటాయి. పాతిక కోట్ల ఏళ్లు దాటిన గ్లోసోప్టెరిస్ ఆకు అది. నాలుకలా ఉంటుందని ఆ పేరు. ఆ చెట్లే మన బొగ్గు.

1919లో మదనపల్లెలో ఠాగూర్ స్వయంగా ఈ పాట వినిపించారు. అక్కడి విద్యార్థులు గొంతు కలిపారు. మన పిల్లల్ని హైదరాబాద్ విహారయాత్రకు తీసుకెళ్లే మాస్టార్లకు ఓ చిన్న విన్నపం. గోల్కొండ, జూ సరే... కోటాసారస్ ముందు ఓ పది నిమిషాలు ఆపండి. దాని అన్న కథ చెప్పండి. మ్యూజియం వాళ్లు సరేనంటే, అక్కడే నిలబెట్టి ఆ పాట పాడించండి. రోజూ పాడేదేగా, రిహార్సల్ కూడా అక్కర్లేదు.