జెంటూ లినక్సు రిపేరు: పాత ఇల్లు ఖాళీ చేసే ముందు

2024 నవంబరులో ఒక శుక్రవారం, రాత్రి పదకొండున్నరకి ఫోను మోగింది. ఇక్కడ ఇంగ్లండులో పదకొండున్నర అంటే తెనాలిలో తెల్లవారి అయిదు. ఆ వేళకి మా నాన్నగారు కాఫీ తాగుతూ అమ్మ పాటలు పెట్టుకుంటారు.

"ఏరా, రెండ్రోజుల్నుంచి మీ అమ్మ పాటలు రావట్లేదు. తీరిక చూసుకుని ఒకసారి చూడు."

అమ్మ 2021లో పోయింది. ఆవిడ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు, వ్రతకథలు పాత క్యాసెట్లలో ఉంటే, వాటిని కంప్యూటరులోకి ఎక్కించి మా ఇంట్లో మెట్ల కింద అరలో ఉన్న చిన్న సర్వరులో పెట్టాను. నాన్నగారు ఫోనులోని ఒక ఆప్‌తో అక్కణ్ణించి వింటారు. ఆ ఆప్ తనంతట తానే అప్‌డేట్ అయి, నా పాత సర్వరు ప్రోగ్రాముతో ఇక మాట్లాడనంది. అంటే ఒక్క ప్రోగ్రాముని కొత్తది చేస్తే సరిపోతుంది. అరగంట పని అనుకున్నాను.

ఆ సర్వరులో ఉన్నది జెంటూ లినక్సు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఉబుంటు, ఫెడోరా లాంటి వాటిలో ప్రోగ్రాములు వండి వడ్డించినట్టు వస్తాయి. జెంటూలో బియ్యం, పప్పు ఇస్తారు, వంట మనదే. ప్రతి ప్యాకేజీ సోర్సు కోడు దిగుమతి అయి మన యంత్రం మీదే కంపైల్ అవుతుంది. ఏ సదుపాయం కావాలో ఏది అక్కర్లేదో "యూజ్ ఫ్లాగు"ల ద్వారా మనమే చెప్పుకోవచ్చు. డేనియల్ రాబిన్స్ మొదలుపెట్టిన ఈ లినక్సు మొదటి వెర్షను 2002 మార్చిలో వచ్చింది. బాగా వేగంగా ఈదే పెంగ్విన్ జాతి పేరు దీనికి పెట్టారు. వంటవాడి పేరు పోర్టేజ్, అతన్ని పిలిచే కమాండు ఎమర్జ్.

నాకూ జెంటూకీ పరిచయం 2010లో, ఇంజనీరింగు చివరి సంవత్సరంలో. హాస్టల్లో కేడీఈ కంపైలుకి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి కరెంటు పోయి ఉండేది. ఆ ఏడాదే లిబ్‌పింగ్ అనే బొమ్మల లైబ్రరీ 1.2 నుంచి 1.4కి మారింది. లైబ్రరీ ఫైలు పేరు మారేసరికి పాత పేరు మీద ఆధారపడ్డ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా మూలపడ్డాయి. వాటన్నిటినీ వెతికి మళ్ళీ కట్టడానికి రెవ్‌డెప్-రీబిల్డ్ అనే పనిముట్టు వాడేవాళ్ళం. ఇప్పుడా బాధ చాలా తగ్గింది. అందరూ కొత్తదానికి మారేదాకా పోర్టేజ్ పాత లైబ్రరీని అట్టేపెడుతుంది, ఎవరెవర్ని మళ్ళీ కట్టాలో గుర్తుంచుకుంటుంది.

ఇంతకీ ఆ రాత్రి సంగతి. మా అబ్బాయి పుట్టాక ఏడాదిన్నరగా ఆ సర్వరు ముఖం చూడలేదు. చివరిసారి అప్‌డేట్ చేసింది 2023 మేలో. అప్పుడు నా యంత్రంలో సమస్తం పైథాన్ 3.10 కోసం కట్టి ఉంది. 2024 జూన్‌కల్లా జెంటూ 3.12కి మారిపోయింది. సింక్ చేసి ఆ ఒక్క ప్రోగ్రామునే అడిగితే, పోర్టేజ్ మూడు పేజీల ఫిర్యాదు ఇచ్చింది. ఒక ప్యాకేజీకి 3.10 కావాలట, ఇంకోదానికి 3.12 కావాలట, రెండూ కుదరవట. ప్రతి లైన్లోనూ 3.10 కనబడుతోంది కాబట్టి దొంగ అదేనని తేల్చేశాను. అర్ధరాత్రి దాటింది, కళ్ళు మండుతున్నాయి. పైథాన్ 3.10ని బలవంతంగా తీసెయ్యమన్నాను. పోర్టేజ్ హెచ్చరించి, కొన్ని సెకన్లు లెక్కపెట్టి మరీ ఆగింది. నేను ఆగలేదు.

పోర్టేజ్ రాసింది పైథాన్‌లోనే. నా యంత్రంలో అది నడిచేది ఆ 3.10 మీదే. కూర్చున్న కొమ్మనే నరికాను. తరువాత ఎమర్జ్ అని కొడితే, తనకి పనికొచ్చే పైథాన్ దొరకలేదని ఒక్క లైను వచ్చి ఆగిపోయింది. పగలంతా క్లయింట్లకి "వెనక్కి వచ్చే దారి చూసుకోకుండా ప్రొడక్షన్ మీద చెయ్యి వెయ్యకండి" అని చెప్పి జీతం తీసుకునేవాణ్ణి నేను!

యంత్రం కట్టేసి పడుకున్నాను. ఆ రాత్రి చేసిన ఒకే ఒక మంచి పని అది.

పొద్దున్నే మొదట బ్యాకప్ డిస్కు తీసి చూస్తే గుండె జారిపోయింది. చివరి కాపీ 2022 మార్చిది. ఆ తరువాత ఎక్కించిన పద్నాలుగు క్యాసెట్లు అందులో లేవు. ఆ క్యాసెట్లలో కొన్నిటికి అప్పటికే టేపు తెగిపోయింది, ఇక సర్వరులో ఉన్న కాపీయే దిక్కు. అదృష్టం కొద్దీ పాటలు వేరే డిస్కులో ఉన్నాయి, నా తెలివితేటలు వాటిదాకా పోలేదు. మిగతాదేదీ ముట్టుకోకుండా ముందు వాటిని రెండుచోట్ల కాపీ చేశాను. కాపీ చేస్తే చాలదని, ఒక్కొక్క ఫైలు తెరిచి విన్నాను. గంటన్నర పట్టింది. ఒకచోట అమ్మ పాట మధ్యలో ఆపి "స్టవ్ కట్టావా?" అని అడుగుతుంది. అది నన్నే.

ఇక మరమ్మత్తు. సోర్సు నుంచి కట్టుకునే పద్ధతే ఇక్కడ కాపాడింది. పైథాన్ పోయినా సీ కంపైలరు భేషుగ్గా ఉంది. ఎప్పుడో దిగుమతి చేసిన పైథాన్ 3.10 సోర్సు ఇంకా పోర్టేజ్ దాచుకున్న ఫైళ్ళలోనే ఉంది. దాన్ని విప్పి, అసలు సిస్టమ్‌తో కలవకుండా వేరే డైరెక్టరీలోకి చేత్తో కంపైల్ చేశాను. పోర్టేజ్ మాడ్యూళ్ళు పోర్టేజ్ ప్యాకేజీ తాలూకువి కాబట్టి, పైథాన్‌ని తీసేసినా అవి డిస్కు మీద అలాగే ఉన్నాయి. చేత్తో కట్టిన పైథాన్‌కి వాటి దారి చూపించి, దానితో ఎమర్జ్‌ని నడిపి, అసలు పైథాన్ 3.10ని మళ్ళీ ఎక్కించాను. మధ్యాహ్నానికి వంటవాడు తిరిగి వంటింట్లోకి వచ్చాడు.

తరువాత పని వరసలో చేశాను. మీలో ఎవరైనా ఇలాంటి పాతబడ్డ యంత్రాన్ని లేపాల్సి వస్తే ఈ వరస పనికొస్తుంది.

మొదట జెంటూ వార్తల కమాండుతో ఏడాదిన్నరలో వచ్చిన ప్రకటనలన్నీ చదివాను. నన్ను ముంచిన పైథాన్ మార్పు గురించి, అది సాఫీగా ఎలా చెయ్యాలో కూడా, అందులో స్పష్టంగా రాసి ఉంది. రెండోది, పోర్టేజ్‌ని పోర్టేజ్‌తోనే ముందు అప్‌డేట్ చెయ్యడం.

మూడోది పైథాన్. పాత ఇల్లు ఖాళీ చేసే ముందు కొత్తింట్లో పాలు పొంగించాలి. సెట్టింగులో 3.10, 3.12 రెండూ రాసి అన్నిటినీ రెండిటికీ కట్టించాలి. ఆ తరువాత ఒకే పైథాన్‌తో నడిచే ప్యాకేజీలని కొత్తదానికి మార్చాలి. అప్పుడు 3.10ని సెట్టింగులోంచి తీసేస్తే, డెప్‌క్లీన్ దాన్ని తనే సాగనంపుతుంది. మనం బలవంతం చెయ్యనక్కర్లేదు.

నాలుగోది, పాత ప్రొఫైలు మీదే మొత్తం వరల్డ్ అప్‌డేట్ ముగించడం. అయిదోది 2024 మార్చిలో ప్రకటించిన 23.0 ప్రొఫైలుకి మారడం. బైన్‌యుటిల్స్, జీసీసీ, జీలిబ్‌సీ ముందు కట్టి, ఆ పైన ఉన్నవన్నీ మళ్ళీ కట్టాలి. నా యంత్రంలో 412 ప్యాకేజీలు.

మధ్యలో జీసీసీ కంపైల్ రెండుసార్లు చచ్చిపోయింది. లాగు చివర చూస్తే "ఎర్రర్ 1" అని తప్ప ఏమీ ఉండదు. పది పనులు ఒకేసారి నడుస్తుంటాయి కాబట్టి అసలు తప్పు చాలా పైన ఎక్కడో పడి ఉంటుంది. మొదటి ఎర్రరు వెతకాలి, చివరిది కాదు. నాకు కనబడింది "కిల్డ్" అన్న ఒక్క మాట. అంటే మెమరీ చాలక కెర్నెలే కంపైలరుని చంపేసింది. ఒక్కో కంపైల్ పనికి 2 జీబీ చొప్పున ఉంచుకోమని జెంటూ హ్యాండ్‌బుక్ సలహా. నాకున్నది 8 జీబీ, నేను పెట్టినవి ఎనిమిది పనులు. నాలుగుకి తగ్గిస్తే నడిచింది. ఇంకో కిటుకు: కంపైల్ ప్రతిసారీ ఒకేచోట ఆగితే తప్పు చాలావరకు సాఫ్టువేరుది, ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే మెమరీ చిప్పునో వేడినో అనుమానించండి.

చివరిగా కాన్ఫిగరేషన్ ఫైళ్ళు. డిస్పాచ్-కాన్ఫ్ పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపిస్తుంది. విసుగెత్తి అన్నిటికీ సరే అనేశారా, మీ డిస్కుల పట్టికే తుడిచిపెట్టుకుపోతుంది. ఓపికగా చదవాలి.

ఆదివారం రాత్రి పదింటికి సర్వరు లేచింది. నాన్నగారికి ఫోన్ చెయ్యకుండా ఊరుకున్నాను. పదకొండున్నరకి వాట్సాప్‌లో ఒక్క మాట వచ్చింది: "వచ్చాయి."

"ఇంత గొడవెందుకు, జెంటూ తీసెయ్యరాదూ" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 2023 డిసెంబరు 29 నుంచి జెంటూ వాళ్ళే చాలా ప్యాకేజీలు కంపైల్ చేసి ఇస్తున్నారు. పెద్దవాటికి ఇప్పుడు నేను అవే వాడుతున్నాను, యూజ్ ఫ్లాగులు మార్చుకున్నవి మాత్రం నేనే వండుకుంటాను. ప్రతి ఆదివారం అప్‌డేట్, ఇరవై నిమిషాలు. ఏడాదిన్నర అప్పు ఒకేసారి తీర్చడం కన్నా వారం వారం వడ్డీ కట్టడం తేలిక.

జనవరిలో తెనాలి వెళ్ళినప్పుడు పాటలన్నీ ఒక పెన్ డ్రైవులో వేసి నాన్నగారి టీవీకి పెట్టి వచ్చాను. ఆయనిప్పుడు దాన్నే వింటున్నారు. "ఇది మొదటే చెయ్యొచ్చు కదరా" అన్నారు. నిజమే, చెయ్యొచ్చు.